మొండితనమునకు ఆంగ్లభాషలోని పేర్లు



మొండివారు లేని యిల్లు లేదు. మొండితనమునకు పేరు లేని భాషయు లేదు. "మొండివాడు రాజుకన్న బలవంతుడు" అని మన పెద్దలు చెప్పుదురు. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అని మఱియొక సామెతయు మనకు కలదు. మొదటి సామెతలో కొంత భయమును, కొంత మెప్పును కలసియున్నవి. రెండవదానిలో పరిహాసము మాత్రమే యున్నది. గుణ మొక్కటియే, ఒకచోట నది బలముగా గనబడుచున్నది, వేఱొకచోట తెలివిమాలినతనముగా గనబడుచున్నది. ఈ గుణమునకు ఆంగ్లభాష యెట్టి పేర్లు పెట్టినదో, ఆ పేర్లు ఇంటిలోను, కచేరీలోను, శాసనసభలలోను ఎట్లు పనిచేయుచున్నవో నేడు మీకు మనవి చేయదలచితిని. ఇది పదములతో నాడుకొను వేడుక మాత్రమే కాదు. ఒకని పట్టును మన మే పేరుతో పిలుతుమో, ఆ పేరే పెక్కుసమయములలో అతనికి సన్మానమో శిక్షయో నిర్ణయించుచున్నది.

1948వ సంవత్సరమున ఇంగ్లండులో బి.బి.సి. రేడియోలో జరిగిన యొక గోష్ఠిలో బెర్ట్రాండ్ రస్సెల్ అను తత్త్వవేత్త హాస్యముగా నొక క్రియాపదమును మూడు పురుషలలో నడపి చూపెను. మనము బడిలో "నేను వచ్చితిని, నీవు వచ్చితివి, వాడు వచ్చెను" అని వల్లించినట్లే ఆయన వల్లించెను. ఆ వల్లింపునకు భావము ఇది: నేను దృఢచిత్తుడను; నీవు మొండివాడవు; వాడు పందితల మూర్ఖుడు. మొదటిదానికి "ఫర్మ్" అనియు, రెండవదానికి "ఆబ్‌స్టినేట్" అనియు, మూడవదానికి "పిగ్‌హెడెడ్" అనియు ఆయన వాడిన మాటలు. ముగ్గురును చేసిన పని యొక్కటియే. తమ మాటను మార్చుకొనకుండుట. కాని తన్ను గూర్చి చెప్పుకొనునపుడు అది గుణము. ఎదుట నున్నవానిని గూర్చి చెప్పునపుడు అది లోపము. ఎదుట లేనివానిని గూర్చి చెప్పునపుడు అది పశుత్వము. ఈ చిన్న పరిహాసములో మన విషయమంతయు ఇమిడియున్నది.

ఈ పదముల పుట్టుకను కొంచెము పరిశీలింతము. "ఆబ్‌స్టినేట్" అనునది లాటిన్ భాషనుండి వచ్చినది. దానిలోని ధాతువునకు నిలుచుట యని యర్థము. అడ్డముగా నిలిచి కదలనివాడు ఆబ్‌స్టినేట్. ఇదే ధాతువునుండి "కాన్‌స్టెంట్" అను మాటయు పుట్టినది; ఇది స్థిరమైనవాడని మెచ్చుకొనుమాట. "పెర్సిస్ట్" అను మాటయు ఆ కుదురునకు జెందినదే. విడువక నిలిచి సాధించుట యని దాని భావము. ఇంకొక వింత యేమన, ఈ లాటిన్ ధాతువును, మన సంస్కృతమునందలి "స్థా" ధాతువును తోబుట్టువులు. కావున ఇంగ్లీషువాడు తిట్టుగా వాడు ఆబ్‌స్టినేట్ అను మాటకును, భగవద్గీత పరమాదర్శముగా జెప్పిన స్థితప్రజ్ఞుడను మాటకును వేరు ఒక్కటియే. ఒకే వేరునుండి ఒక కొమ్మ చేదుకాయను, ఒక కొమ్మ తీపిపండును కాచినది.

నిలుచుట యొక తెగ యైనచో, పట్టుకొనుట మఱియొక తెగ. "టెనేషస్" అనగా పట్టు విడువనివాడు. ఇది చాలవఱకు మెప్పు. దీనికే ముందొక యుపసర్గ చేర్చి "పెర్టినేషస్" అన్నచో పట్టు మితిమీఱినదని, విసుగు పుట్టించుచున్నదని ధ్వనించును. మన భాషయు ఇట్లే చేసినది. పట్టు అను చిన్నమాటనుండియే పట్టుదల వచ్చినది, మొండిపట్టు వచ్చినది, మంకుపట్టు వచ్చినది. పట్టుదల గలవాడని పిల్లవానిని మెచ్చుకొందుము. మంకుపట్టు పట్టినాడని వానినే కసరుదుము. చేయి యొక్కటియే, అది పట్టుకొన్న వస్తువు మనకు నచ్చినదా లేదా యనుటయే భేదము.

ఇక "స్టబ్బర్న్" అనునది ఇంగ్లీషువారి నోట నిత్యము మెలగుమాట. దాని పుట్టుక నేటికిని పండితులకు నిశ్చయముగా దెలియదు. నఱికిన చెట్టుయొక్క మోడునకు ఇంగ్లీషులో "స్టబ్" అని పేరుండుటచే రెంటికిని సంబంధము గలదని కొంద ఱూహించిరి గాని, దానికి నిలుకడయైన సాక్ష్యము లేదు. అయినను మన తెలుగు "మొండి" విషయమున ఇట్టి యూహ నిజమే. మొండిచేయి యనగా కొనలేని చేయి. మొండికత్తి యనగా పదునులేని కత్తి. మొండిగోడ యనగా పైకప్పు లేక మిగిలిన గోడ. ఇకపై విఱుగుటకు గాని వంగుటకు గాని ఏమియు మిగులని వస్తువు మొండి. అట్టి మనుష్యునితో వాదించువానికి పట్టుకొన కొన దొరకదు.

శరీరావయవములనుండియు ఇట్టి మాటలు వచ్చినవి. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో "స్టిఫ్‌నెక్డ్" అను మాట కలదు. కాడి మోయుటకు మెడ వంపని యెద్దునుండి వచ్చిన యుపమాన మిది. "హెడ్‌స్ట్రాంగ్" అనగా తల బలిసినవాడు, కళ్లెమునకు లొంగని గుఱ్ఱమువంటివాడు. "రికాల్సిట్రెంట్" అను పెద్దమాటను వార్తాపత్రికలలో మీరు చూచియుందురు. మడమతో వెనుకకు దన్నుట యని దాని మూలార్థము. ఇది మెడ, తల, మడమ అను వరుస. ఈ మూడు మాటలలోను గమనింపదగిన దొకటి యున్నది. ఇవి యన్నియు పశువును తోలువాని నోటినుండి వచ్చినవి. కాడి ఎందులకు మోయవలెనని యెద్దు నడిగినచో, అది ఈ గుణమునకు వేఱొక పేరు పెట్టియుండును.

జంతువుల మాట వచ్చినది గనుక మఱి రెండు చెప్పెదను. మొండివానిని ఇంగ్లీషువాడు కంచరగాడిదతో బోల్చి "మ్యూలిష్" అనును. కంచరగాడిదలను పెంచినవారు మాత్రము వేఱొక మాట చెప్పుదురు. అది కదలకుండుట తఱచుగా బరువు మితిమీఱినందువలననో, ముందున్న త్రోవ అపాయకరమైనందువలననో యని వారు చెప్పుదురు. అనగా అది మొండితనము గాదు, జాగ్రత్త. కుక్క విషయము దీనికి విపరీతముగా జరిగినది. "డాగెడ్" అను మాట తొలుత కుక్కవలె క్రూరముగా, ముటముటలాడుచు నుండుటను దెలిపెడిది. కాలక్రమమున అదియే అలుపెఱుగని పట్టుదలకు మెప్పుగా మాఱినది. ఎద్దు ముట్టెను కఱచి విడువకుండుటకై పెంచిన బుల్‌డాగు అను జాతికుక్క కలదు. కుక్కలచే ఎద్దులను కఱపించు ఆ క్రూరవినోదమును 1835వ సంవత్సరమున ఇంగ్లండులో శాసనముచే మాన్పించిరి. కాని ఆ కుక్కమాత్రము ఆ జాతికి చిహ్నమై నిలిచినది. రెండవ మహాయుద్ధకాలమున చర్చిల్ ప్రధానిని బుల్‌డాగుతో బోల్చి ఆ దేశీయులు మురిసిపోయిరి. మన ఉడుముపట్టువంటిదే యిది. తన పట్టునకు కుక్కను, ఎదుటివాని పట్టునకు కంచరగాడిదను ఉపమానముగా దెచ్చుకొనుట మనుష్యస్వభావము.

నిత్యవ్యవహారమున ఈ మాటలు మనుష్యులకే గాక వస్తువులకును అంటుచుండును. సబ్బు అమ్ముకొనువాడు బట్టలపై వదలని మరకను స్టబ్బర్న్ అనును. వైద్యుడు వారములతరబడి తగ్గని దగ్గును "పెర్సిస్టెంట్" అని వ్రాయును. మందునకు లొంగని వ్యాధిని "రెఫ్రాక్టరీ" అనును. అగ్నికి కరగని కొలిమియిటుకకును ఇదే పేరు. వ్యాధికి ఆ పేరు నింద, ఇటుకకు ప్రశంస. మనము వసూలుగాని యప్పును మొండిబాకీ యన్నట్లే ఇది. మఱియు "వాస్తవములు మొండివి" యను భావముగల నానుడి ఆంగ్లములో కలదు. 1770లో బోస్టను నగరమున, జనులపై తుపాకులు కాల్చిన ఆంగ్లసైనికుల పక్షమున వాదించుచు జాన్ ఆడమ్స్ దానిని న్యాయస్థానములో బలముగా వాడెను. మన కోరికలును కోపములును ఎట్లున్నను సాక్ష్యము మాఱదని ఆయన యభిప్రాయము. ఊరంతయు ఆ సైనికులపై మండిపడుచున్నపుడు వారి పక్షమున నిలుచుటయు నొక మొండితనమే. ఆ ఆడమ్స్ తరువాత అమెరికా సంయుక్తరాష్ట్రములకు రెండవ అధ్యక్షుడయ్యెను.

ఇంగ్లీషు నేర్చుకొను మనవారికి ఈ పదములవలన గలుగు చిక్కును గూర్చి యొక్కమాట. నే నెఱిగిన యొక విద్యార్థి యుద్యోగము కొఱకు దరఖాస్తు వ్రాయుచు, తనకు పట్టుదల మెండని చెప్పదలచి, నిఘంటువు చూచి, తాను మిక్కిలి ఆబ్‌స్టినేట్ పనివాడనని వ్రాసెను. ఆ దరఖాస్తు చదివిన యధికారి యెంత నవ్వియుండునో! అతడు కోరినది "పెర్సివీరింగ్" అనియో, "డిటర్మిండ్" అనియో చెప్పుట. నిఘంటువు అర్థము చెప్పును గాని అభిప్రాయము చెప్పదు. ఈ తెగకు జెందిన ప్రతిమాటలోను రెండు పాళ్లున్నవి. ఒకటి, ఆ మనుష్యుడు మాఱలేదను విషయము. రెండవది, అతడు మాఱవలసియుండెనా లేదా యని మాటాడువాని తీర్పు. మొదటి పాలు అన్ని మాటలకును సమానమే. రెండవ పాలే మాటకును మాటకును భేదము కల్పించుచున్నది.

ఇక బహిరంగజీవనమునకు వత్తము. ఇంటిలో మొండివాడని పిలువబడినవానికి కలుగు నష్టము తక్కువ. రాజ్యములో నట్లు పిలువబడినవానికి చెఱసాల కాచుకొనియుండును. పదునాఱవ శతాబ్దమున ఇంగ్లండులో రాజశాసనమువలన నేర్పడిన చర్చికి పోని కాథలిక్కులకు "రెక్యూజెంట్" అని పేరు పెట్టిరి. నిరాకరించువాడని దాని భావము. ఒక యాదివారము పోనిచో 12 పెన్నీలు జుల్మానా యని 1559వ సంవత్సరపు శాసనము. 1581లో దానిని నెలకు 20 పౌనులకు పెంచిరి. ప్రభుత్వము దృష్టిలో అది మొండితనము. వారి దృష్టిలో విశ్వాసము. పేరు పెట్టు హక్కు మాత్రము ప్రభుత్వము చేతిలో నుండెను.

1670వ సంవత్సరమున లండను నగరమున జరిగిన యొక విచారణను వినుడు. విలియం పెన్, విలియం మీడ్ అను ఇద్దఱు క్వేకరు మతస్థులు, తమ ప్రార్థనామందిరమును సైనికులు మూసివేయగా, వీథిలో నిలిచి యుపన్యసించిరని నేరము మోపబడినది. పండ్రెండుగురు జూరీసభ్యులు విచారణ విని, పెన్ వీథిలో మాటాడెనని మాత్రము ఒప్పుకొనిరి. చట్టవిరుద్ధమైన గుంపు గూడుట యని తీర్పు చెప్పుమనగా ఒప్పుకొనలేదు. న్యాయాధిపతులు వారిని తిట్టిరి, బెదరించిరి, అన్నపానములును నిప్పును లేకుండ రాత్రులు నిర్బంధించిరి. వారు తుదకు "నిర్దోషులు" అనియే తీర్పు చెప్పిరి. అందులకు ఒక్కొక్కరికి 40 మార్కులు జుల్మానా విధించిరి. ఎడ్వర్డ్ బుషెల్ అను సభ్యుడును మఱి కొందఱును జుల్మానా చెల్లింపక చెఱసాలకు బోయిరి. అక్కడనుండి వేఱొక న్యాయస్థానమును ఆశ్రయింపగా, ప్రధానన్యాయాధిపతియైన సర్ జాన్ వాన్, జూరీవారు తమ మనస్సునకు దోచిన తీర్పు చెప్పినందులకు శిక్షింపరాదని నిర్ణయించెను. నాటి న్యాయపీఠము దృష్టిలో బుషెల్ తలబిరుసువాడు. ఇంగ్లీషు న్యాయచరిత్రలో నతడు జూరీస్వాతంత్ర్యమునకు పునాదిరాయి. మనిషి మాఱలేదు, పేరు మాఱినది.

పేరు దీనికి విపరీతమార్గమున నడచినదియు కలదు. 1811 మే 16వ తేదీన స్పెయిను దేశమున ఆల్బ్యుయెరా యొద్ద ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమున ఆంగ్లేయుల 57వ కాల్బలపు పటాలము ఘోరమైన కాల్పులకు లోనయ్యెను. దాని నాయకుడు ఇంగ్లిస్ గాయపడియు, సులువుగా చావవలదని, కడవఱకు పోరాడి చావుడని తనవారిని హెచ్చరించెను. ఆ పటాలములో ఎక్కువ భాగము చనిపోయిరి లేదా గాయపడిరి. వారికి "డై హార్డ్" లని బిరుదు నిలిచినది. నూఱేండ్లు గడచినవి. 1911లో ఇంగ్లండులో ప్రభువులసభ యధికారమును తగ్గించు పార్లమెంటు బిల్లు వచ్చినపుడు, దానిని కడవఱకు ఎదిరింతుమన్న ప్రభువులకు ఇదే పేరు వచ్చినది. వారిని "డిచ్చర్" లనియు ననిరి; అనగా చివరి కందకములో నిలిచి చచ్చువారు. ఆగస్టు 10వ తేదీన 131 మంది బిల్లునకు అనుకూలముగను, 114 మంది ప్రతికూలముగను ఓటు చేయగా బిల్లు నెగ్గినది. ఎవరును చావలేదు, అందఱును ఇండ్లకు బోయిరి. ప్రాణములిచ్చిన సైనికుల బిరుదము, కాలము మాఱినదని యొప్పుకొనని రాజకీయవాదులకు ఎగతాళిపేరుగా దిగినది.

శాసనసభలలో మొండితనమునకు గడియారము తోడైనపుడు మఱికొన్ని మాటలు పుట్టినవి. 1881 జనవరి 31వ తేదీన ఐర్లండు విషయమైన నిర్బంధపు బిల్లుపై ఇంగ్లండు కామన్సుసభలో చర్చ మొదలయ్యెను. పార్నెల్ అనుచరులైన ఐరిషుసభ్యులు ఒకరి తరువాత నొకరు మాటాడుచు 41 గంటలు సభను ముగియనీయలేదు. తుదకు సభాధ్యక్షుడు తన స్వంత యధికారముచే చర్చను ముగించెను. దానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు "ఆబ్‌స్ట్రక్షన్", త్రోవకు అడ్డుపడుట. ఐరిషువారి దృష్టిలో, ఓట్లబలము లేని చిన్నజాతికి మిగిలిన యాయుధ మది యొక్కటియే. అమెరికాలో ఇట్టి పనికి "ఫిలిబస్టర్" అని పేరు. దోపిడికాడను నర్థముగల డచ్చిమాట స్పెయినువారి నోటబడి, సముద్రపుదొంగలకు పేరై, పిదప 1850 ప్రాంతములలో సెనేటుసభను చర్చలతో నిలిపివేయువారికి సంక్రమించినది. 1957 ఆగస్టు నెలాఖరున, నీగ్రోలని నాడు పిలువబడిన ప్రజల ఓటుహక్కును రక్షించు బిల్లును ఎదిరించుచు స్ట్రామ్ థర్మండ్ అను సభ్యుడు ఒక్కడే 24 గంటల 18 నిమిషములు మాటాడెను. బిల్లు నెగ్గినది, ఆ యుపన్యాసము మాత్రము మొండితనమునకు కొలబద్దవలె చరిత్రలో నిలిచినది.

యూరపునుండి వచ్చిన "ఇంట్రాన్సిజెంట్" అను మాటయు ఈ కోవలోనిదే. 1873లో స్పెయినున రిపబ్లిక్కు ఏర్పడినపుడు ఏ రాజీకిని ఒప్పుకొనని తీవ్రవాదపక్షమునకు ఆ పేరుండెను. ఆ పక్షము పోయినది, పేరు మిగిలినది. నేడు రెండు దేశములు సంధి మాట లాడుకొనునపుడు, సంధి చెడినచో, ప్రతిదేశపు పత్రికయు ఎదుటిదేశమునకే ఆ పేరు పెట్టును. తనవారు సిద్ధాంతమునకు కట్టుబడియున్నారని వ్రాయును. రస్సెల్ వల్లించిన క్రియాపదము దేశములకును వర్తించుచున్నది.

రాజకీయములలో మొండివాడను పేరుకన్న మాఱినవాడను పేరే హెచ్చు భయంకరము. బండిని వెనుకకు ద్రిప్పుటను "యూ టర్న్" అందురు. విధానమును మార్చుకొన్న మంత్రికి ఇది తిట్టు. 1980 అక్టోబరు 10వ తేదీన, దేశమున నిరుద్యోగుల సంఖ్య 20 లక్షలు దాటియున్న సమయమున, ప్రధానియైన మార్గరెట్ థాచర్ తన పక్షపు మహాసభలో, తిరుగదలచినవారు తిరుగవచ్చుననియు, తాను మాత్రము తిరుగుదానను గాననియు, 1948లో ప్రదర్శింపబడిన యొక నాటకపు పేరుపై శ్లేషగా బలికెను. సభ హర్షధ్వానములతో మాఱుమ్రోగెను. మనవారును "మడమ త్రిప్పని వీరుడు" అని మెచ్చుకొందురు. యుద్ధభూమిలో మడమ త్రిప్పకుండుట వీరత్వమే. కాని త్రోవ తప్పిన బాటసారికి మడమ త్రిప్పుటకన్న వేఱు తెలివి యేమి కలదు? విధానము యుద్ధమా, ప్రయాణమా యని ముందుగా నాలోచింపక ఉపమానమును వాడుటవలన నెన్నియో రాజ్యములు నష్టపడినవి.

ఇచ్చట మనదేశపు మాట యొకటి చెప్పక తప్పదు. దక్షిణాఫ్రికాలో భారతీయులపై చేయబడిన శాసనమును 1906 మొదలు గాంధీజీ యెదిరించినపుడు, ఆ యుద్యమమునకు ఆంగ్లములో "పాసివ్ రెసిస్టెన్స్" అని పేరుండెను. ఆ పేరు బలహీనుల యాయుధమను భావము కలిగించుచున్నదని ఆయన గ్రహించెను. ఇండియన్ ఒపీనియన్ అను తన పత్రికలో తగిన పేరు సూచింపుడని చదువరులను గోరెను. మగన్‌లాల్ గాంధీ "సదాగ్రహము" అని సూచింపగా, గాంధీజీ దానిని "సత్యాగ్రహము" అని దిద్దెను. ఆగ్రహమన్న మన తెలుగువారికి కోపము తోచును. సంస్కృతమునందు గట్టిగా బట్టుకొనుట యని దాని యర్థము. అనగా ఇదియు పట్టు తెగలోని మాటయే. కాని ముందు సత్యమను మాటను జేర్చుటవలన, దేనిని పట్టుకొన్నాడో పేరే చెప్పుచున్నది. ఎదుటివాడు పెట్టిన పేరును మోయక, తన పట్టునకు తానే పేరు పెట్టుకొనుట స్వాతంత్ర్యమునకు మొదటి మెట్టని నేను తలంచుచున్నాను.

అట్లయిన ప్రతి మొండివాడును తనది సత్యాగ్రహమే యనును గదా, భేదమెట్లు తెలియునని మీరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనది. పేర్లను నమ్మక పనిని పరీక్షించుటకు నాకు మూడు ప్రశ్నలు తోచుచున్నవి.

మొదటిది: అతడు ఎదుటిపక్షమును వినెనా? 1650 ఆగస్టులో ఆలివర్ క్రాంవెల్ స్కాట్లండు మతాచార్యుల సభకు లేఖ వ్రాయుచు, తాము పొరబడియుండవచ్చునని యొక్కసారి తలంచి చూడుడని దీనముగా వేడుకొనెను. ఇంతకన్న మంచి సలహా లేదు. కాని అంతకుముందటి యేడే ఐర్లండున ద్రొయెడా పట్టణమును సంహరించిన ఆ సేనాని, ఆ ప్రశ్నను తన్ను తాను వేసికొనెనా? ఇతరుల నడుగుట సులభము. తన్ను తాను అడిగికొన్నవాని పట్టు మాత్రమే పట్టుదల.

రెండవది: ఆ పట్టునకు మూల్య మెవరు చెల్లించుచున్నారు? బుషెల్ తన పట్టునకు తానే ఆకలిని, చెఱను అనుభవించెను. లాభము ముందుతరముల కందఱికిని కలిగెను. 1957 నాటి సెనేటుసభ్యుడు ఒక దినము నిలువుకాళ్లపై నుండెను; ఆ పట్టు నెగ్గియుండినచో ఓటులేనివా రనేకులు దాని మూల్యము చెల్లింపవలసివచ్చెడిది. ఇంటిలోను ఇంతే. తండ్రి తన మాట నెగ్గవలెనని పట్టుపట్టగా కూతురి చదువు ఆగిపోయినచో, దానిని దృఢచిత్తమని యెట్లు పిలుతుము?

మూడవది: ఏమి జరిగినచో అతడు విడుచును? ఈ ప్రశ్నకు జవాబు గలవాడు పట్టుదల గలవాడు. ఏమి జరిగినను విడువననువానికి కుందేటి కాళ్లు లెక్కపెట్టుటయు దండుగయే.

మన భాషలో "పట్టువిడుపులు" అను చక్కని జంటమాట కలదు. ఇంగ్లీషువారు దీనికి ఇచ్చిపుచ్చుకొనుట యను నర్థముగల మాట వాడుదురు. అది బేరము చేయువాని మాట. మనది చేయి నెఱిగినవాని మాట. పట్టని చేయి పనికిరాదు. విడువని చేయియు పనికిరాదు. నూతిలో చేద వేసిన యిల్లాలు త్రాటిని ఎప్పుడు బిగించవలెనో, ఎప్పుడు వదలవలెనో యెఱుగును. ఆమెను దృఢచిత్త యనియు, మొండిది యనియు ఎవ్వరు ననరు. నీళ్లు తోడుకొనుట తెలిసినదందురు.

కావున శ్రోతలారా, ఇకపై ఒకనిని మొండివాడని పిలువ నాలుక కదలినపుడు, ఆ క్రియాపదమును ఒక్కసారి ఉత్తమపురుషలో నడపి చూడుడు. ఆ స్థానమున నేనే యున్నచో ఈ పనికి ఏమి పేరు పెట్టుకొందును? ఆ పేరును ముందు వానికిచ్చి, పిదప వాని వాదమును విని, అటుపై మీ తీర్పు చెప్పుడు. తీర్పు మాఱకపోవచ్చును. కాని విన్న తరువాత చెప్పిన తీర్పు గనుక అది తిట్టుగా నుండక, తీర్పుగానే యుండును.